బాంకాక్ సందులో మధ్యాహ్న భోజనం

పరాయి దేశంలో కాపురం పెట్టిన ముస్లిం కుటుంబానికి మసీదు వెతుక్కోవడం తేలికే. బాంకాక్ నగరంలో మసీదులు చాలానే ఉన్నాయి. చిక్కంతా మధ్యాహ్నం అన్నం దగ్గర వస్తుంది. అక్కడ రెండేళ్లు ఉన్న మాకు ఈ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆ ఊళ్లో చాలామంది మధ్యాహ్నం ఇంట్లో వండుకోరు. సందు చివర హోటలుకు వెళ్లి పార్సిల్ తెచ్చుకుంటారు. కూర ఒక ప్లాస్టిక్ సంచిలో, అన్నం ఇంకొక సంచిలో, పులుసు వేరే సంచిలో పోసి, గాలి నిండేలా మూతి తిప్పి రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తారు. ఆ చుట్టడం చూసి తీరాలి. విప్పడం మాత్రం మాకు చివరిదాకా రాలేదు, కత్తెరే గతి!

మా సందులో ఒక పెద్దావిడ చిన్న హోటలు నడిపేది. అందరూ ఆమెను 'పా' అని పిలిచేవారు, మన పెద్దమ్మ లాంటి పిలుపు. మేమూ అలాగే పిలిచాము. పంది మాంసం వేయవద్దని చెప్పడానికి 'మై సాయ్ మూ' అనే మాట మొదటి రోజే నేర్చుకున్నాము. ఆమె నవ్వి, రొయ్యలు, మన తులసిని పోలిన ఆకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి వేయించి వేడి అన్నం మీద వేసి ఇచ్చేది. ఆంధ్రా కారం మరిగిన నాలుకకు అది ఎంతో హాయిగా ఉండేది. ఆరు నెలలపాటు వారానికి నాలుగు రోజులు మా భోజనం అదే.

ఒకరోజు రద్దీ ఎక్కువై పొయ్యి పక్కనే నిలబడ్డాము. మా ముందాయనకు పంది మాంసం వేపుడు తీసిన బాణలినే ఆమె కాసిని నీళ్లతో కడిగి, పక్కనున్న డబ్బాలోంచి తెల్లటి కొవ్వు గరిటెతో వేసి, మా రొయ్యలు అందులో వేసింది. అదేమిటని అడిగాము. "పంది కొవ్వు. అన్నిటికీ ఇదే వేస్తాను, రుచంతా దీనిదే" అంది. మా ముఖాలు చూసి కంగారుపడి, "మీరు మాంసం వద్దన్నారు, నేను వేయలేదు. నూనె సంగతి ఎప్పుడూ అడగలేదు కదా!" అంది.

నిజమే, అడగలేదు. ఆమె మోసం చేయలేదు, తెలుసుకోవలసింది మేము. డబ్బులిచ్చి పొట్లం తీసుకోకుండా వచ్చేశాము. ఆ పూట పిల్లలకు రొట్టె, అరటిపళ్లే. పెద్దవాడు మాత్రం "ఇన్నాళ్లూ తిన్నదాని మాటేమిటి?" అని అడిగాడు. పొరపాటున జరిగిన దానికి దోషం లేదని, మనసు ఉద్దేశించిన దానికే బాధ్యత అని అహ్‌జాబ్ సూరా 5వ వాక్యం చెబుతున్నదని వాడికి వివరించాము. అయితే ఆ ఊరట నిన్నటి అన్నానికే, రేపటి అన్నానికి కాదు.

హలాల్ స్పష్టమే, హరామ్ స్పష్టమే, ఆ రెంటి నడుమ సందేహాస్పదమైనవి ఉన్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని కాపాడుకున్నట్లేనని హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (ర) ఉల్లేఖించిన హదీసు మనలో చాలామందికి తెలుసు. దాని పక్కనే హజ్రత్ ఆయిషా (ర) హదీసు కూడా గుర్తుంచుకోవాలి. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు మాంసం తెస్తున్నారు, అల్లాహ్ పేరు ఉచ్చరించారో లేదో తెలియదని కొందరు అడిగితే, మీరు అల్లాహ్ పేరు తలచుకుని తినండి అని దైవప్రవక్త (స) చెప్పారు. సాటి ముస్లిం ఇచ్చినదాన్ని ఊరికే శంకించడం ఒకటి, కళ్లారా చూసిన కొవ్వు డబ్బాను మరచిపోవడం ఇంకొకటి. మాది రెండో సంగతి.

థాయి వంటలో మరో చిక్కు కూడా ఉంది. అక్కడి ముస్లిములలో ఎక్కువమంది షాఫయీలు. వారికి సముద్ర జీవులు చాలావరకు సమ్మతమే. హనఫీలమైన మనకు సముద్ర జీవులలో చేప ఒక్కటే. రొయ్య విషయంలో మన ఉలమాలలోనే భిన్నాభిప్రాయాలున్నాయి, కోస్తా ముస్లిములు తింటూనే ఉన్నారు. ప్రతి కూరలోనూ పడే 'నామ్ ప్లా' అనే పులుసు చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసింది. దాని గురించి బెంగ అక్కరలేదు.

తరువాత శుక్రవారం చరోన్ క్రుంగ్ రోడ్డు 36వ సందులోని హారూన్ మసీదుకు జుమాకు వెళ్లాము. పాత కస్టమ్స్ భవనం దగ్గరలో ఉంది. నమాజు వేళకు బయట తినుబండారాల బళ్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ దొరికిందే 'ఖావ్ మొక్ కై'. పసుపు, మసాలా వేసిన అన్నంలో కోడిమాంసం పూడ్చిపెట్టి వండుతారు, పేరుకు అర్థం కూడా అదే. పైన వేయించిన ఉల్లి, పక్కన పుదీనా, పచ్చిమిర్చి కలిపిన తియ్యటి పుల్లటి పచ్చడి. నాలుగు పార్సిళ్లు కట్టించాము. మూడు రోజులుగా తాను వెంట తెచ్చుకున్న మాగాయతోనే సరిపెట్టుకుంటున్న మా అత్తమ్మ సంచి కత్తిరించగానే వాసన చూసి, "ఇది మన బిర్యానీకి పినతల్లి కూతురే!" అని కంచం ముందుకు జరిపారు.

అత్తమ్మది బందరు. ఆమె మాటలో ఉత్త ముచ్చటే లేదు. గోల్కొండ నవాబుల కాలంలో, 17వ శతాబ్దంలో, బందరు ఓడలు అప్పటి సయాం ఏలుబడిలోని మెర్గూయి, టెనాసెరిం రేవులకు సాగేవి. అక్కడి నుంచి సరుకు మెట్టదారిన రాజధాని అయుత్థయాకు చేరేది. ఆ శతాబ్దపు తొలినాళ్లలోనే ఇరాన్ నుంచి వచ్చిన షేక్ అహ్మద్ అనే వర్తకుడు ఆ దేశపు ముస్లిముల పెద్దగా నియమితుడయ్యాడు. ఆ పదవి నేటికీ ఉంది. దాల్చినచెక్క, లవంగం, ఏలకులు వేసి కొబ్బరిపాలలో వండే 'మస్సమన్' కూర పేరు ముసల్మాన్ అనే మాట నుంచే వచ్చిందని పండితులు అంటారు.

ఇక పా సంగతి. పది రోజుల తరువాత మమ్మల్ని పిలిచి, మేకుకు వేలాడుతున్న కొత్త బాణలి, సోయా నూనె సీసా చూపింది. మాకు సిగ్గు వేసింది. గరిటె కూడా వేరే ఉండాలని చెప్పడానికి నోరు రాక, మేమే ఒకటి కొని ఇచ్చాము. అప్పటినుంచి పదకొండు గంటలకే, మిగతా వంటలు మొదలు కాకముందే వెళ్లి రొయ్యల అన్నం కట్టించుకునేవాళ్లము. మాంసం మాత్రం మసీదు దగ్గరే.

మేము ఇల్లు ఖాళీ చేసే నాటికి పట్టాని వైపు నుంచి ఒక ముస్లిం కుటుంబం ఆ సందులోకి వచ్చింది. వారికి ఆ బాణలిని, మేకును చూపించి వచ్చాము.