దూరనియంత్రిత కొలత పరికరాలలో స్థితి నివేదన: పల్నాడు వాతావరణ సమాచారానికి అన్వయం

నాగార్జునసాగర్ కుడికాలువ కింద మిరప, మెట్ట భూములలో పత్తి సాగయ్యే పల్నాడు జిల్లాలో సాగు సలహాలకు వర్షపాతం, ఉష్ణోగ్రతల సమాచారం ప్రధాన ఆధారం. బొల్లాపల్లి వంటి మెట్ట మండలంలోని స్వయంచాలిత వాతావరణ కేంద్రం వర్షపాతాన్ని 0 మి.మీ.గా నివేదించినపుడు దానికి రెండర్థాలు ఉండవచ్చు: వాన కురవలేదు, లేదా పరికరం కొలవలేదు. మొదటిది బెట్టకు సూచన. రెండవది కేవలం సమాచార లోపం. వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ దాటడం అరుదు కాని రెంటచింతలలో, విలువ అధికంగా ఉన్నదన్న ఒక్క కారణంతో దానిని తప్పుగా భావించడమూ సాధ్యం కాదు. కావున విలువతోపాటు, దానిని కొలిచిన సమయంలో పరికరం ఏ స్థితిలో ఉన్నదో తెలియవలసి ఉంటుంది. ఈ సమాచారాన్ని పరికరమే పంపే ఏర్పాటును స్థితి నివేదన అంటారు.

ప్రయోగశాల పరికరాలలో ఈ ఏర్పాటుకు 1987లో వెలువడిన ఐఈఈఈ 488.2 ప్రమాణం, 1990 నాటి ఎస్‌సీపీఐ ఆదేశభాష స్పష్టమైన రూపమిచ్చాయి. పరికర స్థితి సారాంశం 8 బిట్ల ‘స్థితి బైటు’లో ఉంటుంది. ఉదాహరణకు, ఎస్‌సీపీఐ పరికరం స్థితి బైటు విలువను 8గా తెలిపితే 3వ బిట్టు వెలిగినట్లు. అంటే కొలత నాణ్యత సందేహాస్పదం. ఆ సందేహానికి కారణాన్ని సంబంధిత ఘటన రిజిస్టరు తెలుపుతుంది. విద్యుత్తు పోయి తిరిగి వచ్చిందన్న విషయాన్ని ప్రామాణిక ఘటన రిజిస్టరులోని 7వ బిట్టు గుర్తుంచుకుంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఘటన రిజిస్టరును ఒకసారి చదివితే అది చెరిగిపోతుంది; చదివిన వెంటనే భద్రపరచకపోతే ఆ సమాచారం తిరిగి లభించదు. రెండవది, అనుమతి రిజిస్టరులో ఎంపిక చేసిన ఘటనలు మాత్రమే స్థితి బైటుకు చేరుతాయి. ఏదీ ఎంపిక చేయనపుడు, లోపం ఏర్పడినా సారాంశంలో సున్నాయే కనిపిస్తుంది. అంటే స్థితి సూచనలోని సున్నా కూడా ఎల్లప్పుడూ క్షేమాన్ని తెలుపదు.

క్షేత్రస్థాయి సెన్సర్లలో విరివిగా వాడే ఎస్‌డీఐ-12 పద్ధతి ఇంతకంటే సరళమైనది. కొలత ఆదేశం అందగానే, ఎన్ని సెకన్లలో ఎన్ని విలువలు సిద్ధమవుతాయో సెన్సరు ముందుగా తెలుపుతుంది. అన్ని విలువలు అందకపోతే లోపం బయటపడుతుంది. కొన్ని పరికరాలు లోపానికి గుర్తుగా −9999 వంటి సంఖ్యను పంపుతాయి; దానిని తొలగించకుండా సగటు కడితే ఫలితం నిరర్థకమవుతుంది.

అయితే పరికరం తాను గుర్తించగల లోపాన్నే నివేదించగలదు. టిప్పింగ్ బకెట్ వర్షమాపకం గరాటులో ఆకులు, దుమ్ము అడ్డుపడితే బకెట్టు కదలదు. విద్యుత్ వలయం మాత్రం సవ్యంగానే ఉంటుంది. ఇటువంటి లోపాన్ని సమీప కేంద్రాల విలువలతోను, సాధారణ వర్షమాపకంతోను పోల్చి, గరాటును స్వయంగా పరిశీలించి మాత్రమే నిర్ధారించగలరు.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు వర్షపాత పట్టికలలో ‘కొలిచిన సున్నా’, ‘సందేహాస్పదం’, ‘అందలేదు’ అనే మూడు స్థితులను వేర్వేరుగా నమోదు చేయడం అవసరం. అందని విలువ స్థానంలో సున్నా వేస్తే లేని బెట్ట కాగితంపై ఏర్పడుతుంది. తడి ఉన్న చేనుకు మరల నీరు పెట్టమనే సలహా వెళుతుంది.