బండి యింటిలో బ్యాటరీ లెక్క

రేడియో గల యిండ్లవారికి బ్యాటరీ కొత్త వస్తువు కాదు. పల్లెలకు కరెంటు రాని దినములలో రేడియో పలుకవలెనన్న బ్యాటరీయే దిక్కు. ట్రాన్సిస్టరు వచ్చిన పిదప టార్చి సెల్లులతోనే పని జరిగినది. సెల్లులు నీరసించిన కొలది పాట సన్నగిల్లుట, వానిని తీసి యెండలో పెట్టి మరి రెండు దినములు నెట్టుకొని వచ్చుట పెద్దవారి కందరికిని అనుభవమే. ఆ చిన్న సెల్లు ఒక విషయమున మంచిది. తాను అయిపోవుచున్నానని గొంతు తగ్గించి ముందుగా చెప్పును. నేడు మనము వాడు పెద్ద బ్యాటరీలు అట్లు చెప్పవు. చాలసేపు నిండుగా ఉన్నట్లే నటించి, తుద కొక్కసారిగా చేతు లెత్తివేయును. కనుక లోపల మిగిలినది ఎంతయో కనుగొను విధము తెలిసియుండుట మేలు.

గడచిన వేసవిలో మేము ఐదుగురము, కారు వెనుక తగిలించు చిన్న ట్రైలరు ఇంటితో నరసరావుపేట నుండి బయలుదేరి, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరితిమి. నాగార్జునకొండకు లాంచీలు బయలుదేరు రేవు ఇచ్చటనే యున్నది. ఇక్ష్వాకుల రాజధాని యైన విజయపురి పేరే యీ యూరికి నిలిచినది. ఆ ప్రాచీన నగర స్థలము, 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకముల తరువాత, జలాశయమున మునిగిపోయినది. దొరికిన శిల్పములను దీవి మీది మ్యూజియములో భద్రపరచిరి. వానిని ఒకసారి కన్నులార చూడవలెనని మా అమ్మగారి కోరిక.

ఆమెకు మధుమేహ మున్నది. ఇన్సులిన్ సీసాలను ట్రైలరులోని చిన్న ఫ్రిజ్జులో ఉంచితిమి. మూత తీయని ఇన్సులిన్ 2 మొదలు 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనమున నుండవలెను. పల్నాటి మే నెలలో మూసిన బండి లోపలి వేడి 40 డిగ్రీలు దాటుట వింత కాదు. మా ప్రయాణమంతయు ఆ ఫ్రిజ్జు మీదను, ఆ ఫ్రిజ్జు 100 ఆంపియర్-గంటల బ్యాటరీ యొక్కదాని మీదను ఆధారపడి యుండెను.

చేరిన సాయంకాలమున గోడకున్న వోల్టుమీటరు 13.1 చూపినది. మరునాటి మధ్యాహ్నము, పైకప్పు మీది సోలారు పలక యెండలో నుండగా, 12.9 చూపినది. బ్యాటరీ నిండుగా నున్నదని తృప్తిపడితిమి. ఆ రాత్రి ఒంటిగంట వేళ ఫ్యాను ఆగినది. ఫ్రిజ్జు మూగవోయినది. అమ్మగారి మందును మైనపు సంచిలో చుట్టి, తడిగుడ్డ కప్పిన మట్టికుండలో దించి, తెల్లవారు వరకు ఆ గుడ్డను తడుపుచు కూర్చుంటిమి. తెల్లవారగనే మాచర్లకు పోయి కొత్త మందు కొని తెచ్చితిమి. అచ్చటి యొక వృద్ధ బ్యాటరీ మెకానిక్కుతో మా గోడు చెప్పుకొనగా ఆయన నవ్వి, “అయ్యా, ఛార్జింగు ఎక్కుతా ఉన్నప్పుడు చూస్తే ఏ బ్యాటరీ అయినా నిండుగానే కనపడద్ది. అది దాని బలం కాదు, ఛార్జరు బలం. ఓ పూట ఆపి చూడండి, అప్పుడు నిజం చెప్పుద్ది” అనెను. ఆ మాటలోని శాస్త్రమునే యిచ్చట విప్పిచెప్ప దలచితిమి.

లోపల జరుగునది

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశపు ప్లాంటే కనిపెట్టెను. 1881లో ఫోర్ అను నాతడు పలకలకు ముద్ద పూయు పద్ధతిని తెచ్చి దానిని వాడుకకు యోగ్యముగ చేసెను. నేటికిని మూలసూత్రము అదియే. ఒక పలక సీసము, రెండవది సీసపు డయాక్సైడు. నడుమ నీరు కలిపిన గంధకామ్లము. కరెంటు వాడుకొనునపుడు ఆమ్లము పలకలకు పట్టి సీసపు సల్ఫేటుగ మారును. ద్రవములో నీటి పాలు పెరుగును. ఛార్జి చేయునపుడు ఆమ్లము మరల ద్రవములోనికి వచ్చును. అనగా ద్రవము చిక్కదనమే బ్యాటరీ నిండుదనమునకు గుర్తు.

అటువంటి సెల్లులు ఆరు కలిసి 12 వోల్టుల బ్యాటరీ యగును. ఒక్కొక్క సెల్లు వోల్టేజి, ద్రవ సాంద్రతకు సుమారు 0.84 కలిపిన యంత యుండునని స్థూలముగ చెప్పవచ్చును. కారు బ్యాటరీ నిండినప్పుడు సాంద్రత 1.265 కనుక సెల్లుకు 2.1 వోల్టులకు పైచిలుకు, ఆరింటికి 12.6 మొదలు 12.7 వరకు వచ్చును. 12.4 అనిన ముప్పాతిక, 12.2 అనిన సగము, 12.0 అనిన పాతిక మాత్రమే మిగిలినట్లు. నిండుకుండకును సగము కుండకును నడుమ అర వోల్టు భేదమైనను లేదు. ముల్లు కదలెడి పాతకాలపు మీటరుపై ఈ భేదము కంటి కానదు. దశాంశము తరువాత రెండంకెలు చూపు మీటరు కావలెను.

మన ఉష్ణదేశమున ఇన్వర్టర్లకు వాడు ట్యూబులర్ బ్యాటరీలలో ఆమ్లము కొంత పలుచన. నిండినపుడు సాంద్రత 1.240 మాత్రమే. దానికి 12.5 వోల్టులే నిండుదనము. కారు బ్యాటరీ పట్టికతో దానిని కొలిచినచో నిండిన బ్యాటరీని కూడ తరుగైనదని అనుకొందుము.

అలలు అణగిన పిదప

విజయపురి సౌత్ వారికి ఉపమానము దూరము పోయి వెదకనక్కరలేదు. ఎదుటనే నాగార్జునసాగరము కలదు. నీటి మట్టము కొలుచువాడు అలల శిఖరమును చూచి అంకె వ్రాయడు గదా! బ్యాటరీకి ఛార్జి ఎక్కుచున్నపుడు వోల్టేజి పొంగియుండును. ఆపిన పిదప కూడ కొన్ని గంటలు ఆ పొంగు పలకల పైపొరలలో నిలిచియుండును. మాకు మొదటి సాయంకాలము కనబడిన 13.1 కారు ఇంజను తెచ్చిన పొంగు. మరునాటి 12.9 సూర్యుడు తెచ్చిన పొంగు. అట్లే ఫ్రిజ్జు మోటారు తిరుగుచున్నపుడు వోల్టేజి ఉన్నదాని కంటె తక్కువగ కనిపించును. ఎక్కించుటయు వాడుటయు రెండును ఆపి, నాలుగైదు గంటలు విశ్రాంతి నిచ్చి చూచిన అంకెయే నమ్మదగినది. అంత వ్యవధి లేనపుడు, ప్రొద్దు పొడువక ముందు, ఫ్రిజ్జును ఒక అరగంట ఆపియైనను చూడవలెను.

మూతలు తీయదగిన బ్యాటరీ యైనచో ఇంకను మంచి సాధన మున్నది. అది హైడ్రోమీటరు. రబ్బరు బుడ్డి నొక్కి ద్రవమును పైకి పీల్చిన, లోపలి గాజుతేలుడు సాంద్రతను చూపును. బ్యాటరీ షాపులవారు దీనినే గ్రావిటీ చూచుట యందురు. ఆరు సెల్లులలో ఒకటి మిక్కిలి వెనుకబడియున్నచో ఆ జబ్బు కూడ దీనితో తెలియును. వోల్టుమీటరు ఆ సంగతి చెప్పలేదు. వేడికి ద్రవము పలుచబడును గాన, 27 డిగ్రీలకు పైబడిన ప్రతి డిగ్రీకి 0.0007 చొప్పున కలుపుకొనవలెను. 42 డిగ్రీల వేడిలో 1.230 కనిపించినచో, దాని అసలు విలువ 1.240 యని గ్రహించునది.

రాకపోకల పద్దు

జలాశయమును కనిపెట్టుటకు మట్టము చూచుట యొక పద్ధతి. ఎగువనుండి వచ్చిన దెంత, కాలువలకును విద్యుత్కేంద్రములకును విడిచిన దెంత యని పద్దు వ్రాయుట రెండవది. బ్యాటరీకిని ఈ రెండవ పద్ధతి కలదు. నెగెటివ్ తీగెలో షంట్ అను లోహపు ముక్క నొకదానిని అమర్తురు. 500 ఆంపియర్లు ప్రవహించిన 50 మిల్లీవోల్టుల తేడా చూపునట్టిది సాధారణముగ దొరకును. ఆ స్వల్పమైన తేడాను కొలిచి, వచ్చిన ఆంపియర్-గంటలను కలుపుచు, పోయినవానిని తీసివేయుచు, మిగిలిన శాతమును తెరపై చూపు యంత్రము నేడు సులభముగ లభించును. ఒక్క నియమము మాత్రము మరువరాదు. బ్యాటరీ నెగెటివ్ కొసకు షంట్ తప్ప మరి యే తీగెయు తగులరాదు. ఒక్క ఫ్యాను తీగె నేరుగ బ్యాటరీకి కలిపినను, దొంగతూముగుండ నీరు పోయినట్లు, ఆ ఖర్చు పద్దుకు రాదు.

ఈ పద్దు కూడ దోషము లేనిది కాదు. ఎక్కించినదంతయు తిరిగి రాదు. కొంత వేడిగను, కొంత వాయువుగను నష్టపడును. ఆవిరియై పోవు నీటివలె ఇదియు లెక్కకు రావలెను. దినదినము కొద్దిగ తప్పు పేరుకొనును. కనుక వారమున కొకసారియైనను బ్యాటరీని సంపూర్ణముగ నింపి, యంత్రమునకు ఇది నూటికి నూరు అని గుర్తు చేయవలెను.

పూడిక సంగతి యింకొకటి. నాగార్జునసాగరము 590 అడుగుల పూర్తి మట్టమున మొదట 408 టి.ఎం.సి.ల నీరు పట్టునట్టిది. పూడిక చేరిన పిదప అదే మట్టమున 312 టి.ఎం.సి.లే యని లెక్క సవరించిరి. బ్యాటరీయు అంతే. ఏండ్లు గడచిన కొలది నిండిన వోల్టేజి దాదాపు మారదు గాని పట్టుదల తగ్గును. 100 అని పేరు వ్రాసియున్న బ్యాటరీలో 70 మాత్రమే మిగిలియుండవచ్చును. యంత్రమునకు పాత అంకెయే చెప్పియున్నచో అది మనలను మోసగించును. పైగా, 100 ఆంపియర్-గంటలు అనుట సాధారణముగ 20 గంటలపాటు 5 ఆంపియర్ల చొప్పున వాడిననాటి మాట. త్వరగ లాగిన కొలది దక్కునది తగ్గునని 1897లో జర్మనీ దేశపు పాయ్‌కెర్ట్ సూత్రీకరించెను.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీల సంగతి వేరు. అవి ముప్పాతిక నుండి పాతిక వరకు దిగినను వోల్టేజి 13.2 ప్రాంతముననే నిలిచియుండును. వానికి వోల్టుమీటరు దాదాపు నిష్ప్రయోజనము. షంట్ పద్దు ఒక్కటే శరణ్యము.

మేము చేసిన తప్పు

మాచర్ల నుండి తిరిగివచ్చిన పిదప కాగితముపై లెక్క వేసితిమి. ఫ్రిజ్జు తిరుగునపుడు 4 ఆంపియర్లు. దినములో సగము కాలము తిరుగును గాన 48. ఫ్యాను 2 ఆంపియర్ల చొప్పున పది గంటలకు 20. దీపములకు 5. ఫోనులకును రేడియోకును కలిపి 5. మొత్తము 78 ఆంపియర్-గంటలు. 100 వాట్ల సోలారు పలక, చెట్టు నీడ పోగా, మా కిచ్చినది 25 కంటె మించదు. తరుగు 53. సీసపు బ్యాటరీని సగమునకు దిగువకు దింపరాదని పెద్దలు చెప్పుదురు. సాగరములో 510 అడుగులను కనీస మట్టముగ నుంచుట వంటిదే యీ నియమము. దానిని దాటి తరచుగ దింపినచో, దింపి నింపక వదలినచో, సల్ఫేటు గట్టిపడి పలకలు మరల కోలుకొనవు. మేము మొదటి దినముననే ఆ గీత దాటితిమి. రెండవ రాత్రి అడుగంటించితిమి. గోడ మీది మీటరు ఆ సంగతి చెప్పలేదు. మేము అడుగవలసిన వేళ అడుగలేదు.

ఆనాటి నుండి మేము పాటించు పద్ధతు లివి. బయలుదేరుటకు ముందు దినమే ఇంటి కరెంటుతో బ్యాటరీని పూర్తిగ నింపుదుము. కారు ఇంజను ఎక్కించునది, పొడవైన సన్నని తీగెలో వోల్టేజి తరిగిపోయి, మనము ఊహించినంత యుండదు. బండిని నీడలో నిలిపినను సోలారు పలకను పొడవైన తీగెతో ఎండలో పరతుము. ఉదయము ఆరు గంటలకు విశ్రాంతి వోల్టేజిని చిన్న పుస్తకములో వ్రాయుదుము. అది నిన్నటి కంటె దిగినచో ఆ దినము ఫ్యాను తగ్గింతుము. మందు గల ఫ్రిజ్జుకు మొదటి హక్కు, తక్కిన వానికి మిగిలినదే.

జాగ్రత్తలు కొన్ని చెప్పక తప్పదు. ఛార్జి అగునపుడు హైడ్రోజను వెలువడును. బ్యాటరీ పెట్టె నుండి గాలి వెలుపలికి పోవు మార్గ ముండవలెను. దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. చేతి ఉంగరము, గాజులు తీసి గాని తీగెలు ముట్టరాదు. పాజిటివ్ కొసకు చేరువనే ఫ్యూజు ఉండవలెను. తరిగిన నీటికి డిస్టిల్డ్ వాటరే పోయవలెను గాని బోరు నీరు పోయరాదు. ఆమ్లము కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను.

ఈ లెక్క బండి యిండ్లకే పరిమితము కాదు. కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టరు మీద ఆధారపడు ప్రతి యింటికిని, చేనిగట్టున సోలారు దీపము పెట్టుకొనిన రైతుకును ఇది వర్తించును. ఇంటిలో మందు చల్లగా నుండవలసిన వృద్ధులున్నచో మరింత అవసరము.

మూడవనాడు మా అమ్మగారు లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూచి వచ్చిరి. రేవు దిగుచునే ఆమె అడిగిన మొదటి ప్రశ్న శిల్పములను గురించి కాదు. “నాయనా, ఇవాళ అంకె రాసుకున్నావా?” అనిరి. వ్రాసికొంటిమని చెప్పి పుస్తకము చూపితిమి.