కేబుళ్లు రెండైతే వేగం రెట్టింపా? మీకు తెలుసా!

సర్వర్ వెనక రెండు కేబుళ్లున్నాయి. ఒక్కోటి 1 గిగాబిట్. రెంటినీ జతకట్టి స్విచ్‌కి తగిలించారు. ఇప్పుడు ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తే 2 గిగాబిట్ల వేగం వస్తుందా? రాదు! అదే 1 గిగాబిట్! ఒక సంభాషణ మొత్తం ఒకే కేబుల్ మీద సాగాలన్నది లింక్ అగ్రిగేషన్ నియమం. లేదంటే ప్యాకెట్లు వరస తప్పుతాయి. సినిమా హాల్లో నాలుగు కౌంటర్లు తెరిచినా మీ టికెట్ మీరు ఒక్క కౌంటర్లోనే కదా కొనేది! జనం పెరిగితేనే ఆ నాలుగిటి సత్తా తెలిసేది.

అమీర్‌పేటలో సిస్కో కోర్సు సీసీఎన్‌ఏ నేర్చుకున్నవాళ్లకి ఈథర్‌ఛానెల్, అంటే కేబుళ్లు జతకట్టే ఈ పద్ధతి, కొత్త కాదు. కానీ అది సిస్కోలో పుట్టలేదని మీకు తెలుసా? సిలికాన్ వ్యాలీలో వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ కలిసి పెట్టిన కంపెనీలో పుట్టింది. ఆ కంపెనీ పేరు కల్పన. అది భరద్వాజ్ గారి భార్య పేరు! తొలి ఈథర్‌నెట్ స్విచ్ కూడా వీళ్లదే. పోర్టులెన్నో తెలుసా? ఏడంటే ఏడే! 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది.

అదే 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు 486 ప్రాసెసర్లతో ఒక సూపర్ కంప్యూటర్ కట్టారు. పేరు బేవుల్ఫ్. స్విచ్‌లేమో ఖరీదు, ఒక్క ఈథర్‌నెట్ కేబులేమో చాలదు. ఏం చేశారో తెలుసా? కేబుళ్లు జతకట్టేశారు! ఇవాళ్టి లినక్స్ బాండింగ్ డ్రైవర్‌కి మూలం ఆ బెకర్ రాసిన కోడే. డబ్బు చాలకపోతే బుర్ర ఎంత పదునెక్కుతుందో చూడండి!

ఈ పద్ధతికి 2000లో 802.3ఏడీ అనే ప్రమాణం వచ్చింది. 2008లో అది 802.1ఏఎక్స్‌గా మారింది. మరి లినక్స్ బాండింగ్‌లో మోడ్ 4 పేరు? ఇప్పటికీ 802.3ఏడీయే!

ఆ ప్రమాణంలోదే ఎల్ఏసీపీ, జత రెండు కొసలనూ మాట్లాడించే ప్రొటోకాల్. మామూలుగా 30 సెకన్లకోసారి పలకరిస్తుంది, తొందర మోడ్‌లో సెకనుకోసారి. మూడు పలకరింపులు వరసగా అందకపోతే ఆ లింకు పోయినట్టే లెక్క. అంటే తేడా 3 సెకన్లా, 90 సెకన్లా అన్నదే. మీకు తెలుసా? సెకనుకోసారి పలికినా సరే, ప్రమాణాల పుస్తకంలో ఎల్ఏసీపీది 'స్లో ప్రొటోకాల్స్' కుటుంబమే!

రెండు కొసల్నీ ప్యాసివ్‌లో పెడితే ఏమవుతుందో తెలుసా? ఏమీ అవదు! 'తమరు ముందు' అంటే 'తమరే ముందు' అనుకుంటూ రెండూ అలాగే కూర్చుంటాయి. ఒక్క కొసనైనా యాక్టివ్ చేయాల్సిందే.

మూడు కేబుళ్లు కడితే లోడు సమానంగా పంచుకుంటాయనుకుంటున్నారా? ఏ సంభాషణ ఏ కేబుల్ మీద పోవాలో తేల్చేది హ్యాష్ లెక్క. చాలా సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లు ఆ లెక్కని ఎనిమిది భాగాలుగానే పంచుతాయి. మూడు లింకులకి 3, 3, 2. అయిదు లింకులకైతే 2, 2, 2, 1, 1! పంపకం సమంగా కుదరాలంటే 2, 4, 8 కట్టండి.

ఇక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ స్విచ్ సంగతి. వీఎంవేర్ స్టాండర్డ్ స్విచ్‌కి ఎల్ఏసీపీ రానే రాదని మీకు తెలుసా? డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ కావాలి, అదీ 2012లో వచ్చిన వీస్ఫియర్ 5.1 నుంచే. మరుసటి ఏడాది 5.5లో హ్యాష్ పద్ధతులు ఒక్క దెబ్బకి 22 అయ్యాయి!

స్టాండర్డ్ స్విచ్‌తోనే జతకట్టాలా? ఫిజికల్ స్విచ్‌లో మోడ్ 'ఆన్', ఇటువైపు ఐపీ హ్యాష్. ఈ రెండూ కలిసే ఉండాలి. ఇటువైపు మార్చడం మరిచిపోయారా, అసలు వింత అప్పుడు మొదలవుతుంది. మీ సీటు నుంచి పింగ్ కొడితే వర్చువల్ మెషీన్ పలుకుతుంది. పక్క సీటు నుంచి కొడితే పలకదు! లైట్లన్నీ పచ్చగానే వెలుగుతుంటాయి, తప్పు ఎక్కడా కనబడదు. నా లెక్కలో నెట్‌వర్క్ ఇంజనీర్ల నిద్ర ఎక్కువగా పాడుచేసే పొరపాటు ఇదే. 'ఆన్' మోడ్‌లో రెండు కొసలూ ఒకదాన్నొకటి అడగవు మరి. అందుకే వీలున్నచోటల్లా ఎల్ఏసీపీయే మేలు!

హైపర్-వీ స్విచ్‌లోనే టీమింగ్ ఇమిడిపోయిన సెట్ విధానం విండోస్ సర్వర్ 2016తో వచ్చింది. ఎనిమిది నెట్‌వర్క్ కార్డుల దాకా కలుపుతుంది. ఎల్ఏసీపీ? ససేమిరా! ఫిజికల్ స్విచ్‌లో పోర్ట్ ఛానెల్, అంటే పోర్టుల జత, కట్టనే కూడదు.

ఓపెన్ వీస్విచ్ అనే మరో వర్చువల్ స్విచ్‌లో ఎల్ఏసీపీ ఉంది, కానీ మీరు ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటుంది. లోడు పంచే మోడ్ పెట్టారా, ప్రతి 10 సెకన్లకీ పంపకం సరిచూసుకుంటుంది. మనం ఫోన్ చూసుకున్నంత శ్రద్ధగా!

రెండు వేర్వేరు స్విచ్‌లకి ఒకే జత కట్టొచ్చని తెలుసా? ఎంల్యాగ్ అనే ఈ పద్ధతిలో అవి రెండూ సర్వర్‌కి ఒకే గుర్తింపు సంఖ్య చూపిస్తాయి. సర్వర్ నమ్మేస్తుంది! ఒక స్విచ్ కూలినా పని ఆగదు.

జత కుదిరిందో లేదో ఒక్క అక్షరం చెప్పేస్తుందని తెలుసా? సిస్కో స్విచ్‌లో 'షో ఈథర్‌ఛానెల్ సమ్మరీ' కొట్టి పోర్టు పక్కన బ్రాకెట్లో చూడండి. 'పీ' ఉంటే శుభం. చిన్న 'ఎస్' ఉంటే సస్పెండ్. 'ఐ' ఉంటే ఆ పోర్టు ఒంటరి!

ఆఖరిది. నడుస్తున్న వీఎంవేర్ హోస్ట్‌ని ల్యాగ్‌లోకి, అంటే లింకుల జతలోకి, మార్చడానికీ ఒక వరస ఉందని తెలుసా? ముందు ల్యాగ్‌ని స్టాండ్‌బైలో పెట్టండి. కార్డులు ఒక్కొక్కటిగా అందులోకి మార్చండి. అన్నీ చేరాకే యాక్టివ్ చేయండి. అన్నిటినీ ఒకేసారి లాగేస్తే హోస్టే చేతికందకుండా పోవచ్చు. మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా ఆ కేబుళ్ల మీదే ఉంటే ఈ వరస అస్సలు తప్పకండి!