ఉబుంటులో ‘ఆర్’ స్థాపన

న్యూజిలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇరువురు ఆరంభించి, 1995లో స్వేచ్ఛాలైసెన్సుతో లోకమునకు విడిచిన ‘ఆర్’ అను గణాంకభాషను ఉబుంటు యంత్రమున నెలకొల్పుట, టెర్మినల్ తెఱచి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్-బేస్’ అని టైపు చేసినంతనే ముగియు స్వల్పకార్యము. అయితే ఉబుంటు భాండారమందలి ప్రతి తఱచుగా పాతబడినదై యుండును. నూతనప్రతిని కోరువారు ఆర్ యొక్క స్వంత ప్యాకేజీభాండారమైన ‘క్రాన్’ చిరునామాను, దాని ప్రామాణ్యమును నిరూపించు డిజిటల్ తాళపుచెవిని ముందుగా యంత్రమునకు ఎఱిగింపవలెను. చెవి లేనిచో ప్యాకేజీలను స్థాపించు సాధనమైన ఆప్ట్ నిర్దాక్షిణ్యముగా తిరస్కరించును, అది న్యాయమే.

అసలు చిక్కు పిదప వచ్చును. క్రాన్ నుండి దిగు అనుబంధ ప్యాకేజీలు, విండోసునందు వలె సిద్ధరూపమున గాక, ఉబుంటు వంటి లినక్సులందు సాధారణముగా మూలసంకేతముగనే వచ్చును; అందలి సీ, ఫోర్‌ట్రాన్ భాగములు అక్కడికక్కడ కంపైలర్లచే యంత్రభాషలోనికి మార్పబడును గనుక, ఆ కంపైలర్లను సమకూర్చు ‘ఆర్-బేస్-డెవ్’ ప్యాకేజీ కొఱవడినచో తెర నిండ దోషసందేశములు పేరుకొనును. వానిలో చివరిదానిని గాక మొట్టమొదటిదానిని చదువుట మేలు. లోపించిన లైబ్రరీ పేరు తఱచుగా అచ్చటనే యుండును.