అదనపు రాబడిలో వృద్ధాప్యానికి ఓ పాలు

ఒక్క జీతంతో ఇల్లు గడిచే కుటుంబాలు మన సంఘాల్లో తక్కువే. ప్రైవేటు బడిలో పనిచేసే టీచరు సాయంత్రం ట్యూషన్లు చెబుతుంది. ఆసుపత్రి డ్యూటీ ముగించుకొచ్చిన సోదరి రాత్రి బ్లౌజులు కుడుతుంది. కంపెనీ ఉద్యోగంలో ఉన్న యౌవనస్థుడు పెళ్లి ఆరాధనలకు కీబోర్డు వాయిస్తాడు. పై సంపాదన అంటే లంచమనే అర్థం స్థిరపడిపోయింది గాని, ఇది చెమటోడ్చిన సొమ్ము. జీతంలోనైతే పి.ఎఫ్. కోత పడుతుంది. ఈ సొమ్ములో కోత వేసేవారు ఎవరూ ఉండరు. వచ్చింది వచ్చినట్టే కిరాణాకు, ఫీజులకు పోతుంది. కుట్టుమిషను కళ్లు సహకరించినంత కాలమే నడుస్తుంది. ఆ తరువాత?

రేపటి చింత వద్దన్న ప్రభువు మాట చూపి, దాచుకోవడం అవిశ్వాసమని కొందరు అంటారు. చింత వేరు, ఏర్పాటు వేరు. యోసేపు ఐగుప్తులో సమృద్ధి కలిగిన ఏడేండ్లూ పంటలో ఐదవ భాగం నిల్వ చేయించాడు. కొర్బాను పేరు చెప్పి తల్లిదండ్రుల పోషణ తప్పించుకున్నవారిని ప్రభువు గద్దించిన సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. పిల్లల మీద పడబోయే ఆ పోషణ భారాన్ని మనమే కొంత తగ్గించి పెట్టడంలో తప్పేముంది?

పి.ఎఫ్. ఉన్న ఉద్యోగులకు ఒక సులువైన దారి ఉంది, చాలామందికి అది తట్టదు. ట్యూషన్ డబ్బు నేరుగా పి.ఎఫ్.లో కట్టడానికి వీల్లేదు, అందులోకి జీతం సొమ్మే వెళ్లాలి. కాబట్టి డబ్బు చోటు మార్చాలి. ట్యూషన్ల మీద నెలకు 3,000 వస్తే, స్వచ్ఛంద పి.ఎఫ్. కింద జీతంలో మరో 3,000 కోయమని ఆఫీసులో రాసివ్వండి. ఆ మేరకు ఇంటి ఖర్చు ట్యూషన్ డబ్బుతో నడపండి. 2024-25 సంవత్సరానికి పి.ఎఫ్. వడ్డీ 8.25 శాతం. వేసవిలో ట్యూషన్లు ఆగినా కోత ఆగదు గనుక, రాబడి తక్కువగా ఉండే నెలను చూసి అంకె వేసుకోండి.

పి.ఎఫ్. లేనివారికి పి.పి.ఎఫ్. మంచిది. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరవవచ్చు. ఏడాదికి కనీసం 500, గరిష్ఠంగా 1.5 లక్షలు. పెళ్లిళ్ల సీజనులో ఎక్కువ, ఆషాఢంలో తక్కువ వచ్చే టైలరమ్మకు ఇది బాగా సరిపోతుంది, నెలనెలా ఇంతే కట్టాలన్న బలవంతం లేదు. 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి తగ్గిన వడ్డీ 2025 చివరిదాకా మారలేదు. ఆ వడ్డీకి పన్ను లేదు. నెలలో 5వ తేదీలోపు కట్టిన సొమ్ముకే ఆ నెల వడ్డీ వస్తుంది, 6న కడితే పోయినట్టే. గడువు 15 ఏళ్లు. నలభై నాలుగో ఏట మొదలుపెట్టినా అరవై నాటికి చేతికొస్తుంది.

చిన్న వయసువారికి అటల్ పెన్షన్ యోజన ఉంది. 18 నుండి 40 ఏళ్లవారు చేరవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవారిని 2022 అక్టోబరు నుండి చేర్చుకోవడం లేదు. 60 నిండాక నెలకు 5,000 పింఛను కావాలంటే 18వ ఏట చేరినవారు నెలకు 210, 30వ ఏట చేరినవారు 577, 40వ ఏట చేరినవారు 1,454 కట్టాలి. చందాదారు చనిపోతే అదే పింఛను భార్యకో భర్తకో వస్తుంది. అయితే ముప్పయ్యేళ్ల తరువాత 5,000కు ఎంత బియ్యం వస్తాయో ఆలోచించండి. దీనొక్కదాన్నే నమ్ముకోవద్దు. నలభై దాటినవారికి, పన్ను కట్టేవారికి జాతీయ పింఛను పథకం ఎన్.పి.ఎస్. ఉంది. అది మార్కెట్‌తో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. అందులో పెట్టే సొమ్ముకు దొరికే అదనపు 50,000 మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే.

నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామంటూ సంఘంలోనే తిరిగే వారి మాట వేరు. అది ఏడాదికి 24 శాతం. పైన చెప్పినవేవీ అంత హామీ ఇవ్వవు. అడిగేవాడు మన విశ్వాసే కదా అని, కాగితం లేకుండా వృద్ధాప్యం సొమ్ము చేతిలో పెట్టవద్దు.

ఇదివరకే ఖాతా ఉన్నవారు ఈ వారం పాస్‌బుక్ తీసి నామినీ పేరు చూసుకోండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో, ప్రభువునందు నిద్రించిన తండ్రి పేరే ఇంకా ఉండిపోయి ఉండవచ్చు.