సున్నం కాల్చిన కంటికి ఉమ్మనీటి సంచి పొర ఆసరా

పిడుగురాళ్ల: ఈ ఊరి పేరు చెప్పగానే సున్నపు బట్టీలు గుర్తుకు వస్తాయి. రాయి కాల్చి తీసిన సున్నం గోడకు వెలుగు, తాంబూలానికి ఎరుపు. అదే సున్నం కాస్త కంట్లో పడితే చూపే పోవచ్చు. ఈ గండం బట్టీ కూలీలకే పరిమితం కాదు. తాంబూలపు సున్నం ప్యాకెట్‌ను పసిపిల్లలు ఆటగా నొక్కితే చిట్లి ముఖాన పడుతుంది.

సున్నం క్షారం. పైపైన ఆగదు, కంటి లోపలికి దిగిపోతుంది. పలుకులు రెప్పల కింద నక్కి గంటల తరబడి కాలుస్తూనే ఉంటాయి. నీళ్లు తగిలితే సున్నం ఉడుకుతుందని జంకి కొందరు కన్ను కడగరు. ఇది పెద్ద పొరపాటు. నాలుగు చుక్కలైతే ఉడుకుతుందేమో గాని, ధారగా పోసే నీరు వేడినీ సున్నాన్నీ కూడా కొట్టుకుపోతుంది. పొడిని తుడిచేసి, రెప్పలు విప్పి పట్టుకుని, కనీసం అరగంట మంచినీళ్లు పోయాలి. ఆముదం, చనుబాలు వేస్తూ కాలయాపన చేయరాదు. కడిగిన వెంటనే కంటి డాక్టరు వద్దకు వెళ్లాలి.

నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరపై తొడుగు నిత్యం అరుగుతూ, కొత్తది వస్తూ ఉంటుంది. ఆ కొత్త కణాలకు నారుమడి, నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ నడుమనున్న సన్నని అంచు. అక్కడివే మూలకణాలు. నారుమడి మాడిపోతే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అప్పుడు దానం వచ్చిన కన్ను అతికించినా ఒంటరిగా నిలవదు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి ఇటువంటివారికి మూలకణాల చికిత్స చేస్తున్నది. మొదట కణాలను ప్రయోగశాలలో పెంచేవారు. 2012లో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం తేలిక మార్గం ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుంచి బియ్యపు గింజకన్నా చిన్న ముక్క తీసి, దాన్ని ఎనిమిది పది తునకలు చేసి, దెబ్బతిన్న కంటిపై పరచిన పొర మీద నాటుతారు. ఆ పొర ఎక్కడిదనుకున్నారు? సిజేరియన్ కాన్పులో మాయతో వచ్చే ఉమ్మనీటి సంచిది!

కడుపులో బిడ్డను కాచిన ఆ పొరలో పెరుగుదల కారకాలనే పదార్థాలు ఉంటాయి. పిండం తొలి రోజుల్లో ఏ కణం చీలాలో, ఏది ఏమి కావాలో చెప్పేవి ఇటువంటివే. ఊళ్లో దండోరా అందరి చెవినా పడినా వర్తించినవారే కదులుతారు కదా! అలాగే ఆ కారకాన్ని అందుకునే ద్వారం గల కణమే కబురు లోపలికి పంపి చీలడం మొదలుపెడుతుంది.

ఇటువంటి కబురు ఒకటి బయటపడిందీ కంటి దగ్గరే కావడం విశేషం. అమెరికాలో స్టాన్లీ కోహెన్ ఎలుక లాలాజల గ్రంథి నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించగా, రెండు వారాలకు విప్పవలసిన కళ్లు వారానికే విప్పాయి. అది 1962 నాటి మాట. కోడి పిండాలపై పరిశోధించిన రీటా లెవీ మాంటాల్చినీతో కలిసి ఆయన 1986లో నోబెల్ బహుమతి పొందారు.

చికిత్స అందరికీ ఫలిస్తుందని కాదు. 2016లో ప్రచురితమైన లెక్క ప్రకారం 125 కళ్లలో 95 కళ్లకు పైపొర నిలిచింది. ఆ 125లో 60 పిల్లల కళ్లే. రెండు కళ్లూ కాలినవారికి రక్తసంబంధీకుల కంటి నుంచి ముక్క తీసుకోవచ్చు గాని, శరీరం దాన్ని తోసివేయకుండా మందులు వాడుతూ ఉండాలి. ఈ సంస్థకు విజయవాడ సమీపాన తాడిగడపలోనూ ఆసుపత్రి ఉన్నది.