గెరిల్లా - గొరిల్లా

ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒకనాడు వార్తలు చదువుచు నేను ‘గొరిల్లా దళములు’ అంటిని. నాలుగవ నాడొక శ్రోత కార్డు వ్రాసిరి: “అయ్యా, కోతులకు తుపాకి పట్టుట ఎవరు నేర్పిరి?” నవ్వు వచ్చినది, సిగ్గును కలిగినది. ఈ పొరపాటు నేటికిని పలువురి నోట వినబడుచున్నది గనుక ఈ రెండు మాటల పుట్టుపూర్వోత్తరములను కొంత విచారింతము.

గొరిల్లా ఒక మహావానరము. కార్తేజి నావికుడు హన్నో యాత్రను గూర్చిన ప్రాచీన గ్రీకు గ్రంథములో, ఒడలెల్ల రోమములు గల ఒక జాతికి ఈ పేరు కనబడును. 1847లో ఆ పేరునే ఆఫ్రికా వానరమునకు పెట్టిరి.

గెరిల్లా స్పానిషు పదము. ఆ భాషలో ‘గెర్ర’ అనగా యుద్ధము. మనము ‘చిరునవ్వు’, ‘చిరుగాలి’ అని మాటకు ముందు చేర్చు చిన్నదనమును వారు మాట చివర చేర్తురు. కావున గెరిల్లా యనగా చిరుయుద్ధము. స్పెయినువారి ఉచ్చారణలో అది దాదాపు ‘గెరియ’ యని వినబడును.

1808లో నెపోలియను తన యన్న జోసెఫును స్పెయిను సింహాసన మెక్కించెను. ప్రజలు తిరుగబడిరి. రాజసైన్యము లోడినచోట్ల రైతులు, పల్లెవారు చిన్న చిన్న గుంపులుగా చేరి, ఫ్రెంచివారి వార్తాహరులను, సామాను బండ్లను అటకాయించి కొండలలో మాయమగుచుండిరి. 1814 వరకు సాగిన ఆ పోరాటములో పాల్గొన్న ఆంగ్లసైన్యము ద్వారా ఈ మాట ఇంగ్లీషులోనికి, అందుండి మనకును వచ్చినది.

దారిలో అర్థము కొంత మారినది. స్పానిషులో గెరిల్లా యనగా ఆ పోరు, లేదా పోరాడు గుంపు. పోరాడు మనిషి ‘గెరిల్యేరో’. ఇంగ్లీషులోను, తెలుగులోను మనిషియే గెరిల్లా యయ్యెను. ‘గెరిల్లా యుద్ధము’ అనుట ‘చిరుయుద్ధపు యుద్ధము’ అనినట్లే గదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. కాని స్పానిషులోనే చే గువేరా 1960లో ప్రకటించిన గ్రంథమునకు ‘గెరిల్లాల యుద్ధము’ అను అర్థము గల పేరే పెట్టెను. వాడుకయే భాషకు ప్రమాణము.

మాట పరదేశపుదైనను పద్ధతి మన కెరుకయే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడిచేసి, ఆయుధములు గైకొని మన్యములో కలిసిపోయెను. తరువాత తెలంగాణ సాయుధ పోరాటములో వాడుకయైన ‘దళము’ అను మాట, గుంపు అను అర్థములో గెరిల్లాకు చక్కని జోడు.

పేరున చిన్నదనమున్నను, ఆ యుద్ధము అనుభవించినవారికి చిన్నది కాదు. స్పెయినులోని ఆ ఘోరములను, ఆకలిచావులను చిత్రకారుడు గోయా రాగిరేకులపై చెక్కెను. అవి ఆయన మరణించిన 35 ఏండ్లకు, 1863లో గాని వెలువడలేదు. వాటిలో గెలిచినవారికంటె చచ్చినవారే ఎక్కువగా కనబడుదురు.

వార్తలలో ఈ మాట వచ్చినపుడెల్ల దాని వెనుక మనుష్యులున్నారు. ఒక్క అక్షరము తప్పి వారిని మృగములుగా చేయకుండుట చదువువారి కనీసధర్మము. ఆ కార్డును నేనిప్పటికిని దాచియుంచితిని.